80 శాతం దగ్గర ఆగిపోతున్న ఫోను: బ్యాటరీ మార్చాలా?

ప్రశ్న (పలాస నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్లుగా వాడుతున్న నా ఫోను, మొన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన నాటి నుంచి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచినా 80 శాతం దాటడం లేదు. మరమ్మతు దుకాణంలో చూపిస్తే బ్యాటరీ పోయిందని, మార్చాలని చెప్పారు. జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు చూసే ఉద్యోగం కావడంతో సాయంత్రం వరకు ఫోను పనిచేయక తప్పదు. మార్చమంటారా?

సమాధానం (విజయనగరం నుంచి)

తొందరపడి మార్చకండి. అరిగిపోయిన బ్యాటరీ 100 శాతం వరకు ఎక్కినట్టే చూపి, ఆ తరువాత గబగబా దిగిపోతుంది. ఉన్నట్టుండి ఫోను ఆగిపోవడమూ జరుగుతుంది. ప్రతిరోజూ సరిగ్గా 80 దగ్గరే ఆగుతున్నదంటే, అది ఎవరో పెట్టిన హద్దు అయి ఉంటుంది. శాంసంగ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో ‘బ్యాటరీ ప్రొటెక్షన్’ అనే పేరుతోను, ఐఫోన్ 15, ఆ తరువాతి మోడళ్లలో ఛార్జింగ్ పరిమితిగాను ఇది కనిపిస్తుంది. మీది ఏ కంపెనీ ఫోనైనా ముందు అక్కడ చూడండి.

ఈ హద్దు పెట్టడానికి కారణం ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ నిండే కొద్దీ దాని వోల్టేజీ పెరిగి, పూర్తిగా నిండేసరికి 4.2 వోల్టులకో అంతకు కొంచెం పైకో చేరుతుంది. అంత వోల్టేజీ వద్ద గంటల తరబడి ఉంటే లోపలి రసాయన ద్రవం ఎలక్ట్రోడ్ల దగ్గర క్రమంగా చెడి, దాచుకోగల విద్యుత్తు తగ్గుతూ వస్తుంది. దానికి వేడి తోడైతే నష్టం మరింత వేగంగా జరుగుతుంది. నన్నడిగితే శాతాల లెక్కకన్నా వేడినే ముందు పట్టించుకోవాలి. రేకుల షెడ్డు కింద ఏప్రిల్, మే నెలల్లో, మందపాటి పౌచ్ తీయకుండా, ఛార్జింగ్ పెట్టి వీడియోలు చూసే అలవాటును మించిన హాని లేదు. 35 డిగ్రీలు దాటిన చోట ఐఫోన్‌ను వాడవద్దని ఆపిల్ సంస్థే సూచిస్తుంది. సెట్టింగ్‌లో ఏ హద్దూ లేకున్నా, బాగా వేడెక్కిన ఫోను తనంతట తానే ఛార్జింగ్ ఆపుతుంది. అది చల్లబడితే మళ్లీ మొదలవుతుంది.

అభ్యంతరం (సోంపేట నుంచి)

పై సమాధానం సబబే గాని, మన జిల్లాలో ఏడాది పొడవునా ఆ హద్దు పట్టుకుని కూర్చోవడం కుదరదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ కూలి, ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అప్పుడు ఫోనులో మిగిలిన 20 శాతం విలువ ఏమిటో మాకు తెలుసు. తుపాను హెచ్చరిక రాగానే హద్దు తీసేసి ఫోనునూ పవర్ బ్యాంకునూ పూర్తిగా నింపుకోవాలి. ఒక్కనాడు 100కు ఎక్కించినంత మాత్రాన బ్యాటరీ చెడిపోదు.

విజయనగరం సభ్యుని జవాబు

నిజమే, ఆ మాట నేనే చెప్పి ఉండవలసింది. అసలు హద్దు పెట్టుకున్నా, శాతం లెక్క తప్పకుండా ఉండేందుకు ఐఫోన్ అప్పుడప్పుడు తానే 100 వరకు ఎక్కించుకుంటుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు

ఇద్దరికీ ధన్యవాదాలండి. సెట్టింగ్స్‌లో ఆ హద్దు కనిపించింది. పదో తరగతి చదివే మా అబ్బాయి పెట్టాడట. పని ఉన్న రోజుల్లో సాయంత్రానికి చాలడం లేదు కనుక తీసేశాను. రాత్రి 100 ఎక్కింది, ఉదయం పది గంటలకు 91 ఉంది. బ్యాటరీ మార్చడం లేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను కనుక ఆ ఒక్కరోజు హద్దు మళ్లీ పెడతాను.