తల్లి ద్వారా పౌరసత్వం: శరణార్థుల సమస్య తేలేదాకా ఆగవలసిందేనా?

మూసీతీరం (చర్చ ప్రారంభం)

లెబనాన్‌లో నేటికీ అమలులో ఉన్న 1925 నాటి చట్టం ప్రకారం లెబనాన్ తండ్రికి పుట్టిన బిడ్డ ఎక్కడ పుట్టినా ఆ దేశ పౌరుడే. లెబనాన్ స్త్రీ విదేశీయుణ్ణి పెళ్లాడితే మాత్రం ఆమె పిల్లలకు ఆ హక్కు లేదు. జోర్డాన్ 1954 చట్టంలోనూ పౌరసత్వం ప్రధానంగా తండ్రి నుంచే వస్తుంది. మహిళలపై వివక్ష నిర్మూలన ఒడంబడికలో జోర్డాన్ 1992లో, లెబనాన్ 1997లో చేరాయి. పిల్లల పౌరసత్వంలో స్త్రీపురుషులకు సమాన హక్కు ఉండాలనే 9వ అధికరణం రెండో భాగం తమకు వర్తించదని రెండూ అప్పుడే రాసి ఇచ్చాయి. ఇందుకు చెప్పే కారణం కూడా రెండు చోట్లా ఒకటే: ఈ హక్కు ఇస్తే పాలస్తీనా శరణార్థులూ, ఇప్పుడు సిరియన్లూ పెళ్లిళ్ల దారిలో పౌరులైపోతారట. శరణార్థుల విషయంలో ఒక దేశానికి ఎంత భయమున్నా, దాని మూల్యాన్ని సొంత దేశపు ఆడవాళ్లు చెల్లించడం న్యాయం కాదని నా అభిప్రాయం. వేరుగా ఆలోచించేవారి వాదన వినాలని ఉంది.

రాజ్యాంగ పాఠకుడు

ఆ భయాన్ని అంత తేలిగ్గా తీసిపారేయలేమండీ. లెబనాన్‌లో చివరిసారి జనాభా లెక్కలు తీసింది 1932లో. పార్లమెంటు స్థానాలు మతశాఖల వారీగా పంచుకున్న దేశంలో మళ్లీ లెక్కపెట్టడమే ప్రమాదమని అందరూ ఊరుకున్నారు. పదిహేనేళ్ల అంతర్యుద్ధం ముగిసి, 1989 నాటి తాయిఫ్ ఒప్పందం తరువాత రాజ్యాంగ పీఠికలో చేర్చిన మాటల్లో పరాయివారిని దేశంలో స్థిరపరచరాదన్నది ఒకటి. అక్కడి వాడుకలో దాన్ని ‘తౌతీన్’ అంటారు. ఆ పేరెత్తితే ఎన్నికల ఫలితాలే మారిపోతాయి. జోర్డాన్‌ది మరో రకం భయం. పాలస్తీనా సమస్యను తమ నేల మీదే తేల్చేసి, తమ దేశాన్నే పాలస్తీనీయులకు ‘ప్రత్యామ్నాయ స్వదేశం’గా మార్చేస్తారని వారి అనుమానం.

ఈ రెండు దేశాలూ 1951 శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదన్న విమర్శ తరచుగా వింటాం. సంతకం చేయకుండానే, సుమారు నలభై లక్షల జనాభా ఉన్న లెబనాన్ ఒక దశలో పది లక్షలకు పైగా నమోదైన సిరియన్లకు చోటిచ్చింది. సంతకం చేసిన ఐరోపా దేశాల్లో ఎన్ని ఆ నిష్పత్తికి దగ్గరగా వచ్చాయో చెప్పండి.

గోదావరి న్యాయవాది

రాజ్యాంగ పాఠకుడు గారు, చోటిచ్చిన మాట నిజం, దాన్ని ఎవరూ కాదనరు. అయితే ఈ చర్చ చోటు గురించి కాదు, చట్టం ముందు ఒక మనిషికి ఉన్న గుర్తింపు గురించి. జనాభా సమతుల్యత వాదం నిజంగా జనాభా గురించే అయితే అది మగవారికీ వర్తించాలి కదా? లెబనాన్ పురుషుడు విదేశీ స్త్రీని పెళ్లాడితే, పెళ్లి నమోదైన ఏడాది తరువాత ఆమె కోరుకుంటే పౌరసత్వం వస్తుంది, పిల్లలకు పుట్టుకతోనే వస్తుంది. ఆ భార్య పాలస్తీనా స్త్రీ అయినా సరే, ఏ మతశాఖ బలం ఎంత పెరిగిందని ఎవరూ లెక్క చూడరు. జోర్డాన్‌లోనూ మగవారి పెళ్లిళ్లకు ఈ భయం అడ్డురాదు. పాలస్తీనా కోడలు వస్తే చెడని సమతుల్యత పాలస్తీనా అల్లుడు వస్తే చెడుతుందంటే, అక్కడ కొలుస్తున్నది జనాభాను కాదు.

1925 చట్టంలో ఇంకో వింత ఉంది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డతో తల్లి సంబంధం తండ్రి సంబంధం కంటే ముందుగా రుజువైతే, ఆ బిడ్డకు ఆమె లెబనాన్ పౌరసత్వమే వస్తుంది. చట్టబద్ధంగా విదేశీయుణ్ణి పెళ్లాడిన తల్లి బిడ్డకు రాదు. కుటుంబ గౌరవం పేరుతో ఈ వివక్షను సమర్థించేవారు ఈ నిబంధన దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు.

కడప నుంచి సాల్మియా

నేను కువైట్‌లో పనిచేస్తున్నాను, న్యాయశాస్త్రం చదవలేదు. ఇక్కడి 1959 పౌరసత్వ చట్టం కింద చాలాకాలం నడిచిన ఒక పద్ధతి గురించి మాత్రం చెప్పగలను. విదేశీయుణ్ణి గాని, ఏ దేశ పౌరసత్వమూ లేని ‘బిదూన్’ వర్గం మనిషిని గాని పెళ్లాడిన కువైటీ స్త్రీ పిల్లలకు పౌరసత్వం రాదు. భర్త చనిపోతేనో, తిరిగి కలవడానికి వీలులేని విడాకులు అయితేనో ఆ పిల్లలకు పౌరసత్వం ఇచ్చే విషయాన్ని ప్రభుత్వం పరిశీలించే అవకాశం ఉండేది. అంటే సంసారం బాగున్నంతకాలం ఆ పిల్లలకు దారి లేదన్నమాట. బిదూన్‌లు ఇక్కడ దాదాపు లక్షమంది ఉన్నారు. వారిలో చాలామంది ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవారు.

రాజ్యాంగ పాఠకుడు

కోడలు, అల్లుడు అన్న పోలికకు నా దగ్గర జవాబు లేదు. అయినా నా ఆందోళన సంఖ్య గురించి. విదేశీయులను పెళ్లాడిన జోర్డాన్ స్త్రీలు దాదాపు 89 వేలమంది అనీ, వారి పిల్లలు మూడున్నర లక్షలకు పైమాటే అనీ అక్కడి ప్రభుత్వమే 2014లో లెక్క చెప్పింది. ఆ భర్తలలో ఎక్కువమంది పాలస్తీనీయులే. ఇంతమందికి ఒక్కసారిగా పౌరసత్వం ఇవ్వడం చిన్న దేశానికి చిన్న విషయమేమీ కాదు. అందుకే జోర్డాన్ అదే ఏడాది మధ్యేమార్గం పట్టి, ఆ పిల్లలకు చదువు, వైద్యం, ఉద్యోగం, ఆస్తి, పెట్టుబడి, డ్రైవింగ్ లైసెన్సు విషయాల్లో వెసులుబాట్లు ఇస్తామంది. పాస్‌పోర్టు కంటే బతుకుతెరువు ముఖ్యం కాదా?

గోదావరి న్యాయవాది

బతుకుతెరువు ముఖ్యమే. కానీ వెసులుబాటు ప్రభుత్వ నిర్ణయంతో వస్తుంది, మరో నిర్ణయంతో పోతుంది. 2014 ప్రకటనలో తల్లి కనీసం అయిదేళ్లు దేశంలో నివసించి ఉండాలన్న షరతు పెట్టారు. ఈ వెసులుబాట్ల కోసం పిల్లలకు ఇచ్చిన గుర్తింపు కార్డు చేతికొచ్చాక కూడా కార్యాలయాల్లో దాన్ని లెక్కచేయలేదనీ, పని అనుమతులు మళ్లీ అడిగారనీ ఆ తల్లులు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేశారు. హక్కుగా రాసి ఉంటే న్యాయస్థానానికి వెళ్లవచ్చు, దయగా ఇచ్చినదాన్ని ఏ కోర్టులో అడగాలి? లెబనాన్‌లో 2009లో ఒక న్యాయమూర్తి, ఈజిప్టు భర్తను కోల్పోయిన లెబనాన్ స్త్రీ పిల్లలకు పౌరసత్వం ఇవ్వమని తీర్పు చెప్పారు. చట్టంలో ఆధారం లేదంటూ మరుసటి ఏడాది పైకోర్టు దాన్ని కొట్టేసింది.

సంఖ్య విషయానికి వస్తే, ఈజిప్టు 2004లో, అల్జీరియా 2005లో, మొరాకో 2007లో తల్లికి ఈ హక్కు ఇచ్చాయి. ఈజిప్టు మొదట పాలస్తీనా తండ్రుల పిల్లలను మినహాయించి, 2011 విప్లవం తరువాత వారినీ చేర్చుకుంది. ఈజిప్టు పెద్ద దేశమని మీరు అనవచ్చు, ఒప్పుకుంటాను.

మూసీతీరం

మన దేశం గురించి కూడా ఒక్క మాట చెప్పుకోవడం న్యాయం. విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం 1992 డిసెంబరు దాకా తండ్రి ద్వారానే వచ్చేది, తల్లి ద్వారా వచ్చేది కాదు. 1951 ఒడంబడికపై మనమూ సంతకం చేయలేదు. కాబట్టి ఇది అరబ్బుల ప్రత్యేక లక్షణమన్నట్టు ఎవరూ మాట్లాడవద్దని మనవి.

ఇక, ఇప్పటిదాకా అందరం ఆతిథ్య దేశపు స్త్రీ గురించే మాట్లాడాం. శరణార్థి స్త్రీ సంగతేమిటి?

గోదావరి న్యాయవాది

అసలు ముడి అక్కడే ఉంది. సిరియా 1969 చట్టం మూడో అధికరణం ప్రకారం, తండ్రితో బంధం చట్టప్రకారం రుజువు కాని బిడ్డకు తల్లి ద్వారా పౌరసత్వం రావచ్చు. కానీ ఆ బిడ్డ సిరియా గడ్డ మీద పుట్టి ఉండాలి. లెబనాన్ బెకా లోయలోని గుడారంలోనో, జోర్డాన్ జాతరీ శిబిరంలోనో పుట్టిన బిడ్డకు ఆ దారి మూసుకుపోయింది. ఈజిప్టు, లెబనాన్, ఇరాక్, జోర్డాన్‌లలోని సిరియా శరణార్థి కుటుంబాల్లో నాలుగింట ఒకదానికి స్త్రీయే పెద్ద దిక్కని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2014లో చెప్పింది. భర్త చనిపోయాడో, జైల్లో ఉన్నాడో, కనబడకుండా పోయాడో ఆమెకే తెలియదు. పెళ్లి మతపెద్ద సమక్షంలో జరిగి ఎక్కడా నమోదు కాకపోతే, లేదా కుటుంబ పుస్తకం (పెళ్లి, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పత్రం) బాంబుదాడిలో కాలిపోతే, తండ్రి ఎవరన్నది రుజువు చేయడానికి ఆమె దగ్గర కాగితమే ఉండదు.

లెబనాన్‌లో ఆసుపత్రి లేదా మంత్రసాని ఇచ్చిన పత్రంతో ముఖ్తార్ (ఊరి లేదా పేట పెద్ద) దగ్గరికి, అక్కడి నుంచి నమోదు కార్యాలయానికి, ఆ తరువాత విదేశీయుల రిజిస్టరుకు వెళ్లాలి. ఏడాది దాటితే కోర్టుకెక్కాలి. యుద్ధం మొదలైన 2011 నుంచి అక్కడ పుట్టిన సిరియా పిల్లలకు ఆ గడువును 2018లో సడలించారు. రాజ్యాంగ పాఠకుడు గారు గమనించాలి, ఇందులో లెబనాన్ తన స్వార్థం కూడా చూసుకుంది. సిరియా పౌరుడని రుజువున్న బిడ్డే సిరియాకు తిరిగి వెళ్లగలడు.

రాజ్యాంగ పాఠకుడు

ఆ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. తౌతీన్‌కు భయపడేవాడు ముందుగా కోరుకోవలసింది ప్రతి శరణార్థి బిడ్డకూ తన సొంత దేశపు పత్రం ఉండాలని. తల్లి హక్కును ఆతిథ్య దేశాల కంటే ముందు సిరియా గుర్తించాలి. లెబనాన్ స్త్రీల విషయంలో మాత్రం కొత్త జనగణన లేకుండా చట్టం మార్చడానికి నా మనసు ఒప్పడం లేదు.

గోదావరి న్యాయవాది

జనగణన జరగదని మొదట చెప్పింది మీరే కదండీ. సిరియా విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలిన తరువాత లక్షలమంది తిరిగి వెళుతున్నారు. పదేళ్ల పిల్లలను వెంటబెట్టుకుని, వారి తండ్రి గురించి చూపించడానికి ఏమీ లేని తల్లులూ వారిలో ఉన్నారు. మూడో అధికరణంలో బిడ్డ సిరియాలోనే పుట్టి ఉండాలన్న షరతును తొలగించడానికి ఏ జనగణనా అక్కరలేదు.