పారలాక్స్‌ని ‘లంబనం’ అనొచ్చా?

ప్రశ్న: చుక్కల దూరం ఎలా కొలుస్తారో పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. పారలాక్స్‌ని, అంటే చూసే చోటు మారితే వస్తువు జరిగినట్టు కనిపించడాన్ని, లంబనం అంటే సరిపోతుందా అండీ? అది గ్రహణ గణితం మాట, చుక్కలకి పనికిరాదని మా నాన్నగారు అంటున్నారు.

జవాబు: నిస్సంకోచంగా రాయండమ్మా. నాన్నగారు చెప్పిందీ నిజమే, మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో లంబనం వచ్చేది సూర్యగ్రహణం దగ్గరే. చంద్రగ్రహణానికి దానితో పనిలేదు. నీడ చంద్రుడి మీదే పడుతుంది కాబట్టి అందరికీ ఒకే క్షణంలో పడుతుంది. సూర్యగ్రహణం అలా కాదు. చంద్రుడు మనకి దగ్గర. భూమి కేంద్రం నుంచి లెక్కగట్టిన చోటికీ, మన విశాఖ నుంచి కనిపించే చోటికీ దాదాపు ఒక డిగ్రీ దాకా తేడా రావచ్చు. అది సరిచేయకపోతే పంచాంగంలో గ్రహణం వేళ తప్పుతుంది.

చుక్కల విషయంలోనూ జరిగేది ఇదే: చూసేవాళ్ళు చోటు మారితే చూసేది జరిగినట్టు కనిపిస్తుంది. కాకపోతే అంత దూరానికి భూగోళం చాలదు, భూమి కక్ష్య కావాలి. ఆరు నెలల తేడాతో రెండుసార్లు చూస్తే మనం సుమారు 30 కోట్ల కిలోమీటర్లు జరిగి ఉంటాం. వెనకాల బాగా దూరంగా ఉన్న చుక్కల మధ్య దగ్గరి చుక్క ఎంత జరిగిందో చూసి, అందులో సగం తీసుకుంటారు. ఆ కోణం ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు అయితే, దూరం 3.26 కాంతి సంవత్సరాలు. కోణం సగమైతే దూరం రెట్టింపు. సూర్యుణ్ణి వదిలేస్తే, ఒక సెకను కోణం వచ్చేంత దగ్గర్లో ఏ చుక్కా లేదు! అందుకే 1838లో జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 61 సిగ్ని అనే చుక్క దూరం తేల్చడం అంత గొప్ప సంగతి అయింది.

మన ఊరి పేరున్న విశాఖ నక్షత్రాన్నే ఉదాహరణగా ఇవ్వండి. అందులోని చుక్కల్లో, తులారాశిలో ఇరుగుపొరుగులా కనిపించే ఆల్ఫా, బీటా అనేవి రెండు: ఆల్ఫా సుమారు 76 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, బీటా సుమారు 185 దగ్గర ఉంది.

ప్రశ్న: రెండిటికీ ఒకటే మాటైతే పిల్లలు తికమకపడరా?

జవాబు: చంద్రుడిది దైనిక లంబనం, చుక్కలది వార్షిక లంబనం అనండి, చాలు.

మరో సభ్యుడు: మన విశాఖ డాబాగార్డెన్స్‌లోని వేధశాలని (ఆకాశాన్ని పరిశీలించే చోటుని) మర్చిపోకండి. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావుగారు 1874 డిసెంబర్ 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగడాన్ని విశాఖ నుంచే పరిశీలించారు. ఆ రోజు ప్రపంచమంతటా అంతమంది దాన్ని గమనించింది సూర్యుడి లంబనం, దాన్నుంచి సూర్యుడి దూరం తేల్చడానికే. సూర్యుడి దూరం తెలిస్తేనే కదా, పైన చెప్పిన 30 కోట్ల లెక్క వచ్చేది.