‘ఎస్పెరాంటో’ అంటే ‘ఆశావాది’ అనవచ్చునా?

మాష్టారుగారికి నమస్కారం. పిల్లలతో మీరు తయారుచేయిస్తున్న గోడపత్రికలో ‘ఎస్పెరాంటో అనగా ఆశావాది’ అని రాయించవచ్చునా అని అడిగారు. రాయించవద్దనే నా మనవి. ఆశావాది అంటే అంతా మంచే జరుగుతుందని నమ్మే స్వభావం గలవాడు. వేర్వేరు భాషలవారు మాట్లాడుకోవడానికి ఒకరు కల్పించిన భాష ఎస్పెరాంటో; ఆ అర్థానికి ఆ భాషలోనే ‘ఆప్టిమిస్టో’ అనే మాట వేరుగా ఉంది.

‘ఎస్పెరాంటో’లో మూడు ముక్కలున్నాయి. ‘ఎస్పెర్’ అనేది ఆశించడమనే అర్థమిచ్చే ధాతువు, ‘ఆంట్’ అనేది పని ఇప్పుడు జరుగుతున్నదని చెప్పే ప్రత్యయం, చివరి ‘ఓ’ నామవాచకానికి గుర్తు. మూడింటినీ కలిపితే మన ‘ఆశిస్తున్నవాడు’ అచ్చంగా వస్తుంది. ‘ఆంట్’ తీసి ‘ఇంట్’ పెడితే ‘ఆశించినవాడు’, ‘ఓంట్’ పెడితే ‘ఆశించబోయేవాడు’. ఇంగ్లీషులో నాలుగు మాటలు పేర్చి చెప్పవలసినదాన్ని మనం ధాతువుకు కాలాన్నీ, కాలానికి ‘వాడు’నూ అతికించి ఒక్క మాటలో చెప్పేస్తాం. ఇంత చక్కగా అమరిన మాటను వదిలి ‘వాది’ని తెచ్చిపెట్టడం నాకైతే నచ్చలేదు.

చరిత్ర చూసినా ఈ అర్థమే పొసగుతుంది. ఇది మొదట భాష పేరు కాదు. రష్యా సామ్రాజ్యంలోని బియాలిస్తోక్ పట్టణంలో 1859లో పుట్టి, రష్యన్, పోలిష్, జర్మన్, యిద్దిష్ మాట్లాడేవారు ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం గమనిస్తూ పెరిగిన లుడోవిక్ జామెన్‌హోఫ్ అనే కంటివైద్యుడు, 1887లో వార్సాలో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించి, రచయితగా ‘డాక్టర్ ఎస్పెరాంటో’ అన్న మారుపేరు పెట్టుకున్నాడు. భాషకు ఆయన పెట్టిన పేరు ‘అంతర్జాతీయ భాష’ మాత్రమే. చదివినవారు దానిని డాక్టర్ ఎస్పెరాంటో గారి భాష అనడం మొదలుపెట్టి, పోనుపోను డాక్టరును వదిలేసి ఎస్పెరాంటోను మిగుల్చుకున్నారు. ఎవరైనా వచ్చి నేర్చుకుంటారేమోనని ఎదురుచూస్తున్న ఇరవై ఏడేళ్ల యువకుడి పేరుగా ‘ఆశిస్తున్న డాక్టరు’ అతికినట్టు ‘ఆశావాది డాక్టరు’ అతకదు.

దీనికి ముందు వచ్చిన మరో కల్పిత భాష ‘వోలాప్యూక్’ పేరు కూడా విప్పి చూడదగినదే. జర్మన్ కాథలిక్ మతగురువు ష్లేయర్ 1880 ప్రాంతంలో దానిని ప్రకటించాడు. ‘వోల్’ అంటే లోకం, ‘ప్యూక్’ అంటే పలుకు, నడుమనున్న ‘అ’ షష్ఠీ విభక్తి. అంటే ‘లోకపు పలుకు’ అన్నమాట. ఇంగ్లీషు ‘వరల్డ్’, ‘స్పీక్’ మాటలే ఆయన చేతిలో అరిగి అరిగి ఇలా తయారయ్యాయంటే ఇంగ్లీషువారే నమ్మలేకపోయేవారు. 1889లో పారిస్ మహాసభను ఆ భాషలోనే నడిపేంతగా ఎదిగినా, మార్పులు కోరినవారికీ, చివరి మాట తనదేనన్న ష్లేయర్‌కూ పొసగక, కొద్ది ఏళ్లలోనే అది చతికిలబడింది. ఎస్పెరాంటోను సంస్కరించబూని 1907లో బయలుదేరిన ‘ఇడో’ పేరు ఎస్పెరాంటోలో ‘సంతానం’ అనే అర్థమిచ్చే ప్రత్యయమే. దాని సంగతి ఇక్కడ ఇంతకంటే అక్కరలేదు.

ఇక ఎస్పెరాంటో అందరికీ సమానమైన భాష అన్న మాటపై యానాం నుంచి రాసిన అక్కగారి అభ్యంతరం న్యాయమైనదే. ఫ్రెంచివారి ఏలుబడిలో బడికి వెళ్లిన తమ పెదనాన్నగారికి ‘ఎస్పెర్’ అనగానే ఆశించడమనే అర్థమున్న ఫ్రెంచి ‘ఎస్పేరే’ తడుతుంది, మనకేం తడుతుందండీ అని ఆవిడ ప్రశ్న. ఏమీ తట్టదు. ధాతువులన్నీ దాదాపుగా ఐరోపావే కనుక, అందరికీ సమానమైన భాష అన్న మాట మన దగ్గర చెల్లదు. అయితే ముక్కలు అతికే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి పెదనాన్నగారి కంటే మనకే సులువు. ‘ఎన్ లా రివేరో’ అంటే నదిలో, ‘ఎన్ లా రివేరోన్’ అంటే నదిలోకి. ‘లో’కూ ‘లోకి’కీ ఉన్న తేడాను అక్కడ చివరి ‘న్’ చూపిస్తుంది. గోదాట్లో ఉన్నవాడికీ గోదాట్లోకి దూకినవాడికీ తేడా మన పిల్లలకు వేరే చెప్పాలా?

‘గోదాట్లో’ అన్నాను కనుక ఒక్క మాట. ‘గోదావరి’ని ‘గోదారి’ చేసి, అక్కడితో ఆగక, ‘ఏరు’ ‘ఏట్లో’ అయినట్టు దానిని ‘గోదాట్లో’గా మార్చుకున్నాం. ‘ఇల్లులో’ అన్న పిల్లవాడిని చూసి నవ్వుతాం, ఎందుకు తప్పో అడిగితే చాలామందిమి చెప్పలేం, విభక్తి చేరేముందు మాట ఇలా రూపు మారడాన్ని వ్యాకరణం చదివినవారైతే ఔపవిభక్తికమంటారు. ఎస్పెరాంటోలో ‘రివేరో’ ఎప్పటికీ ‘రివేరో’గానే ఉంటుంది, ప్రత్యయం చివర చేరుతుందే తప్ప లోపలి అక్షరం కదలదు. జామెన్‌హోఫ్ పదహారు సూత్రాలతో వ్యాకరణాన్ని ముగించగలిగాడంటే ఇదొక కారణం. నవ్వించుకునే భయం లేకుండా పరాయివాడు నోరు విప్పగలగాలన్నదే ఆయన ఉద్దేశం.

మాష్టారూ, గోడపత్రికలో చోటు తక్కువన్నారు కనుక ‘ఆశించువాడు’ అన్నా సరిపోతుంది. కాకపోతే అందులో వర్తమానం జారిపోయి ఎప్పుడూ ఆశించే గుణమే మిగులుతుంది. నిన్న ఒక మిత్రులు సూచించిన ‘ఆశాజీవి’ ఆ డాక్టరుగారి బతుకుకు బాగానే సరిపోతుంది గాని, ఆయన రాసుకున్న మాటకు అనువాదం కాదు. ఇంకొక అక్షరం పట్టే చోటుంటే ‘ఆశిస్తున్నవాడు’ అనే రాయించండి.