ట్రైలర్ మీద మినీ ఎక్స్‌కవేటర్‌ని కట్టిన చైన్లు దారిలో లూజ్ అవుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: 5 టన్నుల మెషిన్, రబ్బరు ట్రాకులు. ముందొక చైన్, వెనకొక చైన్ ట్రాకుల మీదుగా తెచ్చి లీవర్ బైండర్లతో (పిడి నొక్కితే చైన్‌ని లాగి బిగించేవి) బిగిస్తున్నాం. బయల్దేరేటప్పుడు గట్టిగానే ఉంటాయి, కొంత దూరం వెళ్ళి చూస్తే చేత్తో ఊపితే ఊగుతున్నాయి. ఇంకా లావు చైన్ కొనాలా?

జవాబు: లావు చైన్ అక్కర్లేదండీ, కట్టే చోటు మార్చండి. ట్రాక్ మీదుగా వేస్తే మీరు బిగిస్తున్నది రబ్బరునే, కుదుపులకి అది అణిగేకొద్దీ చైన్ వదులవుతుంది. కింది ఫ్రేమ్‌కి కట్టడానికి పాయింట్లు ఉంటాయి, ఎక్కడెక్కడో మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు, హుక్ అక్కడే వేయండి. నాలుగు మూలలకి నాలుగు విడి చైన్లు, నాలుగు బైండర్లు. ఒకే చైన్‌తో రెండు మూలలూ కడితే ఒకవైపు జారగానే రెండోదీ పోయినట్టే. ముందు చైన్లు ముందుకి, వెనకవి వెనక్కి లాగేలా వాలుగా ఉండాలి, నిట్టనిలువుగా కాదు. సడన్ బ్రేక్ పడితే బరువులో 0.8 వంతు ముందుకి తోస్తుందని లెక్క వేస్తారు, అంటే మీ మెషిన్‌కి 4 టన్నులు. అప్పుడు దాన్ని పట్టి ఉంచేది వెనక్కి లాగే రెండు చైన్లే, ముందువి ఎంత బిగించినా ఆ క్షణంలో ఉపయోగం లేదు. అందుకే వెనక పాయింట్ల దగ్గర అస్సలు రాజీ పడొద్దు.

ప్రశ్న: చైన్ గ్రేడ్ 70 (ఉక్కు బలాన్ని చెప్పే అంకె), 3/8 అంగుళం. సరిపోతుందా? లీవర్‌కి పైపు తొడిగి నొక్కొచ్చా?

జవాబు: ఆ చైన్ ఒక్కోటి 6,600 పౌండ్లు, అంటే దాదాపు 3 టన్నులు పడుతుంది, నాలుగు వేస్తే సరిపోతుంది. కాకపోతే బైండర్ మీద, హుక్ మీద ఉన్న అంకె కూడా చూడండి, బైండర్ మీద 5,400 అని ఉంటే చైన్ ఎంత గట్టిదైనా మీ లెక్క 5,400 దగ్గరే ఆగిపోతుంది. పైపు మాత్రం దయచేసి వద్దు. టెన్షన్‌లో ఉన్న లీవర్ వెనక్కి తన్నితే దవడ పగులుతుంది, చెయ్యి విరుగుతుంది. రాచెట్ బైండర్ తీసుకోండి, నిదానంగా బిగుస్తుంది, విప్పేటప్పుడూ ఒక్కసారిగా వదలదు.

ఇంకొకరి మాట: బకెట్ సంగతి ఎవరూ చెప్పలేదు. బూమ్ (బకెట్‌ని మోసే పొడవాటి చెయ్యి) దించి, బకెట్‌ని ట్రైలర్ మీద ఆనించి, దానికి ఐదో చైన్ వేయండి. బయల్దేరిన కొద్ది కిలోమీటర్లకే ఒకసారి ఆపి అన్నీ మళ్ళీ బిగించండి, మొదట్లోనే ఎక్కువ సర్దుకుంటాయి. బండి ఆపిన ప్రతిసారీ కూడా చూడండి. సాగిన లింక్, పగులున్న హుక్ కనిపిస్తే ఆ చైన్ పక్కన పడేయడమే, వెల్డింగ్ చేయించి వాడొద్దు.