సీటు ముందుకొస్తుంది, వెనక్కి పోదు: మోటారా, స్విచ్చా, వైరా?

వేళచ్చేరి_వాసు:
సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సెడాన్. డ్రైవరు పవర్ సీటు ముందుకొస్తుంది, వెనక్కి నొక్కితే చప్పుడే లేదు. మా ఆవిడ నడిపాక నేనెక్కితే మోకాళ్లు స్టీరింగుకి ఆనుతున్నాయి. సర్వీసు సెంటరులో మోటారు, వైరింగు మొత్తం మార్చాలి, 38 వేలు అన్నారు. ఫ్యూజు బాగుంది. మార్చేయమంటారా?

జేసీరోడ్_ప్రసాద్:
ఆగండి వాసుగారూ! రెండువైపులా తిప్పేది ఒకటే మోటారు. స్విచ్చు ప్లస్సు మైనస్సు తారుమారు చేస్తే ఎదురు తిరుగుతుంది, అంతే. ముందుకొస్తోందంటే మోటారూ, దానికెళ్లే రెండు వైర్లూ బాగున్నట్టే. స్విచ్చులో కాంటాక్టు మాడింది. చెన్నైలో పాత పార్టులు దొరికే పుదుపేటలో పాత స్విచ్చు వెతుక్కోండి. అనుమానముంటే మల్టీమీటరు బీప్ పెట్టండి, వైరు తెగకుండా ఉంటే బీప్ అంటుంది.

గిండీ_రమణ:
బీప్‌ని నమ్మొద్దు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా బీప్ అంటుంది, మోటారు లాగే కరెంటుకి ఆ పోగు చాలదు. కనెక్టరు తగిలించే ఉంచి, వెనక్కి నొక్కి పట్టుకుని మోటారు దగ్గర వోల్టులు చూడండి. 12 దరిదాపుల్లో వస్తే స్విచ్చు జోలికి పోనక్కర్లేదు. సీటు కింద పసుపు కనెక్టరుంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దానికి మీటరు పెట్టకండి. పీకాల్సొస్తే బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగాకే.

కోరమంగళ_సుధ:
మాకైతే సీటు జారే పట్టాలో పిల్లాడి పెన్సిలు ఇరుక్కుంది. టార్చి వేసి చూడండి.

గిండీ_రమణ:
ఇరుక్కుంటే మోటారు మూలుగుతుందమ్మా. ఇక్కడ చప్పుడే లేదంటున్నారు.

జేసీరోడ్_ప్రసాద్:
ఇన్నాళ్లూ బీప్‌తోనే బండి చూసుకుంటున్నా. బీప్ తప్పెలా అవుతుంది?

పళ్ళికరణై_శీను:
2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను నీళ్లలో మునిగిన బండి కాదు కదా? కార్పెట్ ఎత్తి, ఎర్త్ వైరుని బండి బాడీకి బిగించే ఎర్త్ బోల్టు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

జేసీరోడ్_ప్రసాద్:
ఎర్త్ పోతే ముందుకీ రాదు స్వామీ! రమణగారూ, బీప్ సంగతి తేల్చండి.

గిండీ_రమణ:
తేల్చాను. చదవండి.

జేసీరోడ్_ప్రసాద్:
మీరు సర్వీసు సెంటరు మనిషే కదూ? అందుకే ఇన్ని మెలికలు. ఇక్కడ బెంగళూరులో నా బండికి ఎర్త్ బోల్టు వదులైతే మోటారు మార్చి బిల్లేశారు. దొంగలు!

గిండీ_రమణ:
అవునండీ, అక్కడే పనిచేశాను, మానేశాను. సీటు విప్పి, వైర్ల తొడుగు కోసి, తెగిన చోటు పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది. 'వైరు అతికినందుకు రెండు వేలా?' అని మీలాంటివాళ్లే గొడవపడతారు. అదే కొత్త మోటారు డబ్బా చూపిస్తే మారుమాట్లాడకుండా కడతారు. వెతికే పనికి కూలి ఇవ్వనప్పుడు ఎవడు వెతుకుతాడు? పార్టు మారుస్తాడు.

జేసీరోడ్_ప్రసాద్:
అయితే తప్పు కస్టమరుదా? బాగున్న మోటారు పీకి పారేసి దాని డబ్బులు నా దగ్గర గుంజడం న్యాయమా?

గిండీ_రమణ:
న్యాయమని నేనన్లేదు. ఎందుకు జరుగుతోందో చెప్పాను.

వేళచ్చేరి_వాసు:
అయ్యా, నా సీటు ఇంకా ముందే ఉంది. రమణగారూ, ఆదివారం బండి తెస్తే వెతికిపెడతారా? కూలి ఎంత?

గిండీ_రమణ:
వోల్టులు చూసి పెట్టండి ముందు. కూలి ఎంతిస్తారో మీరే చెప్పండి.

జేసీరోడ్_ప్రసాద్:
ఐదొందలు దాటొద్దు వాసుగారూ. స్విచ్చే అది.