టీ ఒలికిన ల్యాప్‌టాప్, ఏట్లో పడిన ఫోను: తడిసిన పరికరాలపై ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల మనవాళ్ల అనుభవాలు

పర్లాకిమిడి మాష్టారు:
మొన్న రాత్రి పరీక్ష పేపరు తయారు చేస్తుండగా మనవరాలి చెయ్యి తగిలి, పాలూ పంచదారా దండిగా పోసిన టీ గ్లాసు ల్యాప్‌టాప్ కీబోర్డు మీద ఒలికిపోయింది. వెంటనే తువ్వాలుతో తుడిచాను. యంత్రం నడుస్తూనే ఉండటంతో ఏమీ కాలేదనుకొని, మరో అరగంట పనిచేసి, ఛార్జింగుకు పెట్టి పడుకున్నాను. తెల్లవారేసరికి ఛార్జరు దీపం వెలుగుతోంది కానీ తెర రావడం లేదు. నాకు అంతుపట్టని సంగతి ఒకటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి మా పాత ఫోను ఇంట్లో చేరిన వరద నీటిలో గంటలకొద్దీ మునిగి ఉండి కూడా బతికింది. అర గ్లాసు టీకి ఈ యంత్రం ఎలా పోయింది?

రాయగడ రిపేరీ:
మాష్టారూ, తుపాను రాత్రి మీ ఫోనులో ఛార్జి ఉందో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి. మా దుకాణానికి వచ్చే తడిసిన సెట్లలో నీటి వల్ల పోయినవాటికంటే, తడిగా ఉండగా కరెంటు పారినందువల్ల పోయినవే ఎక్కువ. నీటిలో లవణాలు ఉన్నప్పుడు బోర్డు మీది రెండు గీతల మధ్య కరెంటు ప్రవహిస్తే, ప్లస్ వైపు రాగి కరిగి మైనస్ వైపుకు జరుగుతుంది. బ్యాటరీ చచ్చిపడి ఉన్న ఫోనులో ఈ పని దాదాపు సాగదు. మీరేమో టీ లోపల ఉండగానే ఛార్జరు పెట్టారు, అంటే పంతొమ్మిది వోల్టులు రాత్రంతా ఆ తడి మీద ఆడాయి. ఆపేసిన యంత్రంలో కూడా బ్యాటరీ నుంచి కొన్ని భాగాలకు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి, పవర్ బటన్ నొక్కి ఆపడంతో సరిపోదు, మూత విప్పి బ్యాటరీ కనెక్టరును ఊడదీయాలి. దయచేసి ఇంకోసారి ఆన్ చేసి చూడవద్దు.

సిరొంచ వాసి:
2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు వచ్చిన మా బావగారి ఫోను స్నానఘట్టంలో జారిపడింది. ఇంట్లో పెద్దలందరూ ఒకే మాటగా బియ్యం డబ్బాలో పెట్టించారు. మూడో రోజున ఫోను ఆన్ అయింది, అందరూ బియ్యం మహిమ అన్నారు, ఆరో రోజున పూర్తిగా ఆగిపోయింది. విప్పి చూసినప్పుడు ఛార్జింగ్ పిన్నుల మధ్య గంజి పొడి ముద్దకట్టి ఉంది, లోపల చిప్పుల మీద కప్పిన రేకు కింద పచ్చటి చిలుము పట్టి ఉంది. బియ్యం రేకుల కింద చేరిన నీటిని లాగలేదు. ఫోనును బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థ కూడా 2024లో తన సూచనల్లో రాసింది. ఆ డబ్బా బియ్యాన్ని మా అక్క వండేసింది, అది వేరే సంగతి.

బరంపురం నుంచి:
నాది ఐపీ68 అని, అంటే దుమ్మూ నీరూ చొరబడవనే గుర్తింపు, రాసి ఉన్న ఫోను. ఆ ధైర్యంతో గోపాలపూర్ సముద్రంలోకి దిగి ఫొటోలు తీసుకున్నాను. ఆ పరీక్షలు జరిపేది మంచినీటిలోనని, ఉప్పునీటికి ఆ హామీ వర్తించదని తరువాత తెలిసింది. సర్వీసు కేంద్రంలో సిమ్ ట్రే తీసి, తెల్లగా ఉండవలసిన చిన్న గుర్తు ఎర్రబడిందని చూపించి, వారంటీ వర్తించదన్నారు. మా ఊళ్లో ఏ సెట్టు చెడినా "పాణి పశిఛి" (నీళ్లు చొరబడ్డాయి) అని ఒక్క ముక్కలో తేల్చే అలవాటు ఉంది కానీ, నా విషయంలో ఆ మాట నిజమే.

జయపురం వాసి:
నా ఫోను మీద చోడి అంబలి ఒలికితే, ఒక దుకాణంలో రంగులకు వాడే థిన్నర్‌తో కడిగారు. అంబలి పోయింది, దానితోపాటు కెమెరా అద్దం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కూడా కరిగిపోయింది.

రాయగడ రిపేరీ:
థిన్నర్, పెట్రోలు రెండూ వద్దు. ఇక్కడ చాలామంది పొరపాటుపడే ఇంకో సంగతి చెబుతాను. తడిసిన బోర్డుకు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వాడాలని అందరికీ తెలుసు, కానీ పంచదార ఐపీఏలో సరిగా కరగదు. అందుకే టీ, కూల్‌డ్రింకు, అంబలి వంటివి పడిన బోర్డును, బ్యాటరీ తీసేశాక, ముందుగా ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి కడగాలి. ఆ తరువాతే 99 శాతం ఐపీఏ పోయాలి, ఎందుకంటే అది చిప్పుల కింద మిగిలిన నీటిని తనతోపాటు ఆవిరిగా తీసుకుపోతుంది. సముద్రపు నీటికీ ఇదే వరుస. రేకులు ఎత్తకుండా పైపైన కడిగితే ప్రయోజనం ఉండదు. ఐపీఏకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, ఆ వాసన పూర్తిగా పోయేవరకు సోల్డరింగ్ ఐరన్‌ను దగ్గరకు రానివ్వను.

ధర్మాబాద్ మిర్చి:
జుట్టు ఆరబెట్టే యంత్రం వాడవచ్చా? మా తమ్ముడు వాడితే తెర లోపల మబ్బులాంటి మచ్చ ఏర్పడింది.

రాయగడ రిపేరీ:
వాడకూడదు. ఆ గాలి అంచున ఉన్న నీటిని తెర పొరల్లోకి నెడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

పర్లాకిమిడి మాష్టారు:
మీరు చెప్పిన తరువాత గుర్తుకొచ్చింది, తుపానుకు రెండు రోజుల ముందే ఆ పాత ఫోను ఛార్జి లేక ఆగిపోయి ఉంది. ఇక ల్యాప్‌టాప్ సంగతి. నిన్న కుర్రవాడొకడు నా ఎదుటే విప్పాడు. కీబోర్డు కింద టీ జిగురు బెల్లం పాకంలా సాగింది. ఛార్జింగు సాకెట్ పక్కన మిరియపు గింజలో సగం కూడా లేని ఒక భాగం నల్లగా మాడి ఉంది, షార్ట్ అయిందని మల్టీమీటరు అక్కడే బీప్ అంది. దానిని మార్చి, మీ వరుసలోనే కడిగించాక తెర వచ్చింది. అంతకుముందే ఫైళ్లు దాచి ఉండే ఎస్ఎస్‌డీని బయటకు తీసి, వేరే కంప్యూటరుకు తగిలించి ప్రశ్నపత్రాన్ని కాపీ చేయించుకున్నాను. ఇప్పుడు కొన్ని అక్షరాలు పలకడం లేదు, ఒక అక్షరం మాత్రం నొక్కకుండానే పడుతోంది.

రాయగడ రిపేరీ:
కీబోర్డు పొరల మధ్య ఇంకా టీ ఉంది, మాష్టారూ. అది కడిగితే బాగుపడేది కాదు, కొత్తది వేయించండి. అంతవరకు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోండి. పవర్ బటన్ కీబోర్డులో కాక విడిగా ఉన్న మోడలయితే పాత కీబోర్డు రిబ్బను కేబులును బోర్డు నుంచి ఊడదీసి ఉంచమనండి, లేకుంటే ఆ అక్షరం మీ ప్రశ్నపత్రమంతా నిండిపోతుంది.