ఇమడలేకపోయారా, ఇముడ్చుకోలేకపోయామా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఒక పెద్ద రిటైల్ సంస్థ హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తాను. స్టోర్లు, గోడౌన్లు, డెలివరీ అన్నీ కలిపితే వేలమంది సిబ్బంది. వాళ్లకోసం ‘డైవర్సిటీ అండ్ ఇంక్లూజన్’ మీద ఒక చిన్న పుస్తకం తెలుగులో తెస్తున్నాం. డైవర్సిటీకి ‘వైవిధ్యం’ అని పెట్టేశాం. ఇంక్లూజన్, అంటే ఎవరినీ బయట పెట్టకుండా అందరికీ చోటివ్వడం, దాని దగ్గర ఆగిపోయాం. ‘సమ్మిళితం’ అని పత్రికలు రాస్తున్నాయి గానీ బిల్లింగ్ కౌంటర్‌లో ఉన్నవాళ్లు చదివితే అర్థమవుతుందా అని సందేహం. ‘కలుపుగోలుతనం’, ‘ఇముడ్చుకోవడం’ కూడా అనుకున్నాం. ఏది వాడమంటారు?

మొదటి జవాబు:
‘కలుపుగోలుతనం’ మాత్రం వద్దండీ. అది మనిషి స్వభావం. నలుగురితో ఇట్టే మాట కలిపేవాళ్లని కలుపుగోలు మనిషి అంటాం. సంస్థ చేయాల్సిన పనికి ఆ పేరు పెడితే, మొహమాటం ఉన్నవాళ్లు, తక్కువ మాట్లాడేవాళ్లు లోపం తమలోనే ఉందనుకుంటారు.

రెండో జవాబు:
నా ఓటు ‘ఇముడ్చుకోవడం’కే. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మన క్రియలు జంటలుగా ఉంటాయి కదా. ఇముడు, ఇముడ్చు. చేరు, చేర్చు. నిలుచు, నిలుపు. జంటలో మొదటిది అకర్మకం (తనంతట తాను చేసేది), రెండోది సకర్మకం (ఇంకొకరినో, ఇంకొకదాన్నో చేసేది). రెండోదానికి ‘కొను’ చేరిస్తే ఆ పనివల్ల వచ్చే ఫలం చేసినవాళ్లకే అనే అర్థం వస్తుంది: ఇముడ్చుకొను, చేర్చుకొను, నిలుపుకొను. ‘ఇంక్లూజన్’ అనే నామవాచకంలో ఎవరు ఎవరిని అన్నది కనబడదు. తెలుగు క్రియ వాడితే కర్త ఎవరో తేలిపోతుంది.

ఉద్యోగం మానేసినవాళ్ల ఫైళ్లలో రాసే మాటలు చూడండి. ‘ఇక్కడి వాతావరణంలో ఇమడలేకపోయారు.’ ‘షిఫ్టులకి అలవాటు పడలేదు.’ ‘ఎక్కువకాలం నిలవలేదు.’ ప్రతి వాక్యంలోనూ కర్త వెళ్లిపోయిన మనిషే, సంస్థ ఊసే లేదు. అదే విషయాన్ని ‘ఇముడ్చుకోలేకపోయాం’, ‘నిలుపుకోలేకపోయాం’ అని రాసి చూడండి. ఎందుకు అని వెంటనే అడగాల్సి వస్తుంది. రిటైల్‌లో ఆ ప్రశ్నకి జవాబులు చాలాసార్లు కళ్లముందే ఉంటాయి. రేపటి రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక) ఇవాళ రాత్రి చేతికిస్తే పసిపిల్లలున్న తల్లి ఏ ఏర్పాటు చేసుకుని రాగలదు? కూర్చుని చేయగల బిల్లింగ్ పనిని రోజంతా నిలబడి చేయమంటే గర్భిణి ఎన్ని రోజులు ఉండగలదు? షిఫ్ట్ మొదట్లో సూచనలన్నీ నోటిమాటగానే చెప్పేస్తుంటే, వినికిడి లేని ఉద్యోగికి ఆ రోజు ఏం మారిందో ఎవరు చెబుతారు?

అమెరికాలో మందుల దుకాణాలు నడిపే వాల్‌గ్రీన్స్ సంస్థ 2007లో సౌత్ కరోలినాలోని ఆండర్సన్‌లో ఒక పంపిణీ కేంద్రం తెరిచింది. ఆ తొలి ఏళ్లలో అక్కడి సిబ్బందిలో మూడోవంతుకు పైగా వైకల్యం ఉన్నవాళ్లే. వాళ్లకీ మిగతావాళ్లకీ జీతం ఒకటే, చేయాల్సిన పనీ అంతే. మార్చింది పనిచేసే చోటుని. బల్లల ఎత్తు అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు, కంప్యూటర్ తెరల మీద బొమ్మల గుర్తులు పెట్టారు. దానివల్ల మిగతావాళ్లకీ పని తేలికైంది. ఇముడ్చుకోవడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చూపిస్తాను.

మూడో జవాబు:
కర్త గురించి మీరన్నది నిజమే. కానీ ‘ఇముడ్చు’లో ఇరుకు ధ్వనిస్తుందండీ. ఇరుకు గదిలో సామానంతా ఇమిడ్చాం అంటాం. అక్కడ గది మారదు, సామానే సర్దుకుంటుంది. మీరు చెప్పిన ఆండర్సన్‌లో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పుస్తకం పేరుకి ‘కలుపుకుపోవడం’ నయం. అందరికీ తెలిసిన మాట, కర్త కూడా సంస్థే.

అడగకపోయినా ‘వైవిధ్యం’ గురించి కూడా ఒక మాట. మొత్తం సిబ్బందిలో సగం మంది స్త్రీలున్నా, వాళ్లంతా కౌంటర్ల దగ్గరే ఉండి మేనేజర్లలో ఒక్కరూ లేకపోవచ్చు. అప్పుడూ లెక్కల్లో వైవిధ్యం బాగానే ఉంటుంది. అందుకే జీతాల గురించి కూడా మీ పుస్తకంలో ఉండాలి. అక్కడ ‘సమాన పనికి సమాన వేతనం’ అని ఆపేయకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒప్పందంలో ఉన్నది ‘సమాన విలువ గల పని’. తేడా చాలా పెద్దది. బ్రిటన్‌లో ఆస్డా అనే సూపర్‌మార్కెట్ సంస్థ స్టోర్లలో పనిచేసేవాళ్లలో స్త్రీలు ఎక్కువ, డిపోల్లో (సరుకు పంపే గోడౌన్లలో) పురుషులు ఎక్కువ, డిపోల్లో జీతం ఎక్కువ. రెండు పనులూ ఒకటి కావు. అయినా స్టోర్ సిబ్బంది తమ పనిని డిపో పనితో పోల్చుకుని సమాన వేతనం అడగవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2021 మార్చిలో తేల్చింది. ‘విలువ’ అనే మాట లేకపోతే ఆ వాదనకి చోటే ఉండదు.

రెండో జవాబు ఇచ్చినవారు:
ఆ ఇరుకు ధ్వని ఉంది, ఒప్పుకుంటాను. పుస్తకం పేరుకి ‘కలుపుకుపోవడం’ పెట్టండి. లోపల నివేదికల్లో, ఉద్యోగం వదిలి వెళ్లినవాళ్ల రికార్డుల్లో మాత్రం ‘ఇమడలేకపోయారు’ తీసేసి ‘ఇముడ్చుకోలేకపోయాం’ అని రాయడం అలవాటు చేయండి.

ఇంకొకటి. ‘రీజనబుల్ అకామడేషన్’ అని ఇంగ్లీషు ప్రతిలో తప్పకుండా ఉంటుంది. వైకల్యం ఉన్నవాళ్లు మిగతావాళ్లలా పనిచేయగలిగేలా చేసే మార్పులని దాని అర్థం. దానికి ‘తగిన సర్దుబాటు’ అని రాస్తే పక్కనే సర్దుబాటు ఎవరు చేయాలో కూడా రాయండి. ఎందుకంటే మనవాళ్లు ఇబ్బంది చెప్పుకున్న మనిషికే ‘కాస్త సర్దుకుపో’ అంటారు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందం ప్రకారం తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే. మోయలేనంత భారం కానంతవరకు దాన్ని చేయాల్సింది యజమానే. కాబట్టి ‘సంస్థ తగిన సర్దుబాటు చేస్తుంది’ అని పూర్తి వాక్యం రాయండి.

ప్రశ్న వేసినవారు:
చాలా సాయం చేశారు. సూపర్‌వైజర్ల శిక్షణ పేజీల్లో ‘కొత్తవారు టీమ్‌తో సర్దుకుపోయేలా చూడండి’ అని ఉంది. దాన్ని ‘కొత్తవారిని కలుపుకుపోండి, వారికి కావలసిన మార్పులేమిటో మొదటి వారంలోనే అడగండి’ అని మారుస్తున్నాను. చివరిగా ఒకటి: వికలాంగులు, దివ్యాంగులు, వైకల్యం ఉన్నవారు, ఈ మూడింట్లో ఏది వాడాలి?

మూడో జవాబు ఇచ్చినవారు:
నాకు ‘వైకల్యం ఉన్నవారు’ సరిగ్గా అనిపిస్తుంది. ‘దివ్యాంగులు’ అంటే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అచ్చుకి ఇచ్చేముందు మీ స్టోర్లలో, గోడౌన్లలో పనిచేస్తున్న వైకల్యం ఉన్నవాళ్లకి ఆ పేజీలు చూపించి, తమని ఏమని రాయాలో వాళ్లనే అడగండి.